మిషన్‌కు రాని మాట

మీరు లినక్సు వాడేవాళ్ళయితే ఈ తిప్పలు ఒక్కసారైనా పడే ఉంటారు. పేరు కొడతారు, పాస్‌వర్డ్ కొడతారు, తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. ఇక డెస్క్‌టాప్ వస్తుందని చూస్తుంటే మళ్ళీ అదే లాగిన్ పెట్టె ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడుతుంది. పాస్‌వర్డ్ తప్పని కూడా అనదు. మొన్న మా పక్కింటాయన అట్లాంటి లాప్‌టాప్ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, ‘నేనేం తప్పు చేశాను సార్?’ అని అడిగాడు. వినగానే ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు. ముప్పై ఏళ్ళకు పైబడిన మాట, ఇదే ప్రశ్న ఇంకొకరు అడిగితే నేను జవాబు చెప్పకుండా బస్సెక్కాను. ఆ మంట అది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇది వినాలి. ఇందులో నేను గొప్పవాణ్ణేం కాదు, ముందే చెబుతున్నా.

ఎనభైల చివర. హైదరాబాదులో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే ఒక చిన్న కంపెనీలో నేను ఇంజనీరుని. పేరు ఇంజనీరు, పని బస్సుల్లో తిరగడం. మాది జనగామ కాబట్టి వరంగల్ దాటి ఎక్కడ మిషన్ మూలిగినా నన్నే తోలేవాళ్ళు. ‘ఆ వైపు భాష నీకు వచ్చు కదయ్యా’ అనేవాడు మా సీనియర్. ఆయనది కోస్తా. పనిమంతుడు, కాదనను. అప్పటి పెద్ద మిషన్లను నడిపే యూనిక్స్‌లో ఆయన రాసిన స్క్రిప్టు చదువుతుంటే ముచ్చటేసేది. కానీ టీ వేళ నలుగురూ చేరితే నా మాటలు తీసుకుని ‘గిట్ల, గట్ల, ఏందివయా’ అని సాగదీసి నవ్వించేవాడు. సినిమాల్లో తాగుబోతుకి, రౌడీకి మా యాస పెట్టే రోజులు కదా, అందరికీ సరదాగానే ఉండేది. నేనూ నవ్వేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి ‘ఎలా అండీ, అలాగే అండీ’ అనడం నేర్చుకున్నాను.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని జనగామలో రోడ్డు మీద కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. బడులు బంద్, బస్సులు బంద్, దుకాణాలు బంద్. ఒక ఏడు చదువు పోయింది. దానికి ఎప్పుడూ ఏడవలేదు. అప్పుడు అంత అరిచిన గొంతు, నెల జీతం చేతిలో పడగానే ఎక్కడ దాక్కుందో తలుచుకుంటే మాత్రం నా మీద నాకే రోత.

సరే, మిషన్ సంగతి. భూపాలపల్లిలో గనుల యంత్రాలకు సామాను సరఫరా చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ ఉండేది. వాళ్ళ స్టోర్స్‌కి యూనిక్స్ మిషన్ ఒకటి అమ్మాం. లోపలి గదిలో పెద్ద మిషన్, బయట హాల్లో మూడు టెర్మినళ్ళు. టెర్మినల్ అంటే ఒక తెర, ఒక కీబోర్డు, అంతే. ఆపరేటరు పేరూ రహస్య పదమూ కొట్టగానే పెద్ద మిషన్ ఒక చిన్న స్క్రిప్టు చదువుతుంది. అందులో ఏ వరుసలో ఏం చేయాలో రాసి ఉంటుంది. తెర తుడువు, ఫలానా జాబితా తెరువు, ఇట్లాంటివి. అది సాఫీగా నడిస్తే సామాను జాబితా కనిపిస్తుంది. ఎక్కడైనా మొండికేస్తే మనిషిని గెంటేసి మళ్ళీ లాగిన్ దగ్గర నిలబెడుతుంది. మీ డెస్క్‌టాప్‌లకు ఇప్పుడు జరిగేదీ అదే.

ఇద్దరు ఆపరేటర్లు హైదరాబాదు వచ్చి మా సీనియర్ దగ్గరే నేర్చుకుని వెళ్ళారు. మూడో ఆయన ఉద్యోగం మానేసి పోవడంతో ఆ కుర్చీలో దినకూలి లెక్కన ఒక అమ్మాయిని కూర్చోబెట్టారు. గూడూరు దగ్గర ఒక తండా వాళ్ళది. ఇంటర్ చదివి, మహబూబాబాదులో టైపు నేర్చుకుంది. ఆరు నెలలు సరిగ్గా చేస్తే పర్మినెంటు చేస్తామన్నారు. వాళ్ళ ఇంట్లో అంతకుముందు ఆఫీసు కుర్చీలో కూర్చున్న మనిషి లేడు. ఆమెకు నేర్పడానికి నాకు మూడు రోజులిచ్చారు.

ఆ మూడు రోజులూ నాకు పండగే. ‘అండీ’ల గొడవ లేదు. మా అమ్మతో మాట్లాడినట్టే మాట్లాడాను. ఆమె పొడుగు నోటుబుక్కు ఒకటి పెట్టుకుని, నేను తుమ్మితే అదీ రాసేటట్టు, ప్రతి మాటా రాసుకుంది. మూడో రోజు పొద్దుగూకుతుంటే లేచి బ్యాగు భుజాన వేసుకుంటూ చివరి మాట చెప్పాను.

“ఐదు గొట్టంగనే బంద్ జేసి పో అమ్మా. మర్సిపోకు.”

మా దగ్గర లైటు బంద్ చేస్తాం, ఫ్యాను బంద్ చేస్తాం, నల్లా బంద్ చేస్తాం. ఆ మాట నా నోట్లో అనుకోకుండానే వచ్చింది. ఆమె రాసుకుంది.

నాలుగు నెలలు ఏ గొడవా లేదు. తర్వాత ఒక రోజు స్టోర్స్ ఆఫీసరు ఫోన్ చేశాడు. మూడు రోజులుగా ఆ అమ్మాయి టెర్మినల్ తెరుచుకోవడం లేదట. పేరు కొడితే మళ్ళీ లాగిన్ దగ్గరికే వస్తున్నదట. పక్కన ఇద్దరివీ శుభ్రంగా నడుస్తున్నాయి.

మధ్యాహ్నం దాటాక భూపాలపల్లిలో దిగాను. నాలుగున్నరకు తిరుగు బస్సు. ఆమె కుర్చీ పక్కన నిలబడి ఉంది. ఆఫీసరు ఆమెను కూర్చోనివ్వడం లేదని తర్వాత తెలిసింది. ఆమె నన్ను చూడగానే నోటుబుక్కు తెరిచింది.

“నేనేం తప్పు జేసిన సార్? మీరు చెప్పినట్టే జేస్తున్న. గిదో, జర సూడుండ్రి.”

తర్వాత చూద్దాంలే అమ్మా అన్నాను. చూడలేదు. చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. ఆ ఐదు నిమిషాలు నా చేతిలో లేవా? ఉన్నాయి. బస్టాండులో నలభై నిమిషాలు ఊరికే కూర్చున్నాను ఆ రోజు.

నేను చేసింది ఏమిటంటే, ఆమె పేరుతో నేనే లాగిన్ కొట్టి, తెర తుడుచుకుపోకముందే చటుక్కున నిలిపాను. ఇంగ్లీషులో ఒక వాక్యం కనిపించింది. ‘ఈ పేరుతో ఇప్పటికే ఒకరు లోపల పనిలో ఉన్నారు’ అని దాని భావం. వెతికితే ఆమె పేరుతో ఒక ఖాళీ ఫైలు దొరికింది. దాన్ని తీసేశాను. టెర్మినల్ తెరుచుకుంది. ఆ ఫైలు అక్కడికి ఎట్లా వచ్చింది, నిజంగా లోపల ఎవరైనా ఉన్నారా అని ఆలోచించలేదు. రిపోర్టులో రెండు ముక్కలు గీకాను: ‘ఆపరేటర్ పొరపాటు. ఇదే పేరుతో మరొకరు లోపల ఉన్నట్టు సందేశం. సరిచేయబడినది.’ సంతకం పెట్టాను. బస్సెక్కాను.

మూడు వారాల తర్వాత మా ఆఫీసుకు భూపాలపల్లి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. విచారణకు మీ ఇంజనీరును సాక్షిగా పంపండి అని. దానికి నా రిపోర్టు నకలు కుట్టి ఉంది. ఆ అమ్మాయి తన రహస్య పదాన్ని బయటివాళ్ళకు ఇచ్చిందట, ఆమె పేరుతో ఎవరో మిషన్‌లోకి దూరి జాబితా మార్చారట, స్టోర్స్‌లో బేరింగుల పెట్టె ఒకటి కనిపించడం లేదట. ఈ సంగతి ‘మీ ఇంజనీరు ధ్రువీకరించారు’ అని రాశారు. నేను బస్సెక్కిన సాయంత్రమే ఆమెను ఇక పనిలోకి రావద్దని పంపేశారట.

నేనేం ధ్రువీకరించాను? నా రెండు ముక్కలు పట్టుకుని ఒక పిల్లను దొంగను చేశారు. ఇక్కడ ఆఫీసరును తిట్టి ఊరుకోవచ్చు, తిట్టాను కూడా, బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుని మరీ తిట్టాను. కానీ ఆ కాగితం మీద చేతిరాత ఆయనది కాదు, నాది.

భూపాలపల్లి నుంచి ఆ స్క్రిప్టు అచ్చు తెప్పించుకుని వరుస వరుస చదివాను. అంతకుముందు లేని ఐదు వరుసలు కనిపించాయి. లోపలికి వచ్చేటప్పుడు ఆ పేరుతో గుర్తుగా ఒక ఖాళీ ఫైలు పెట్టు. బయటికి పోయేటప్పుడు తీసెయ్. వచ్చేసరికి గుర్తు అప్పటికే ఉంటే ఎవరో లోపల ఉన్నట్టు లెక్క, కాబట్టి గెంటెయ్. రాసిన తీరు చూస్తేనే తెలుస్తుంది, మా సీనియర్‌ది. అడిగితే తాపీగా ఒప్పుకున్నాడు. ‘అవునయ్యా, ఆ మధ్య వెళ్ళినప్పుడు పెట్టాను. ఒకే పేరుతో ఇద్దరు కూర్చోకూడదు కదా’ అన్నాడు. మిషన్ పక్కనే ఉండే రిజిస్టరులో రాయలేదు, ఆపరేటర్లకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ‘లాగౌట్ కొడితే గుర్తు దానంతట అదే పోతుంది. ఆ పిల్ల కొట్టట్లేదు. తప్పు ఆపరేటర్‌దే, నువ్వు కరెక్టుగానే రాశావు’ అని నన్ను మెచ్చుకున్నాడు పైగా.

మరి ఆమె లాగౌట్ ఎందుకు కొట్టడం లేదు? మిగతా ఇద్దరూ కొడుతున్నారు కదా? ఆ రోజు తెరవని నోటుబుక్కు గుర్తుకొచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టాను.

హైదరాబాదులో రైలెక్కి మానుకోటలో, అంటే మహబూబాబాదులోనే, దిగి, గూడూరు బస్సు పట్టుకుని, అక్కడి నుంచి నడక. ఆమె మిర్చి ఏరుతున్నది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మిర్చి ఘాటుకో దేనికో నేను అడగలేదు. తండ్రి మంచం వాల్చి కూర్చోమన్నాడు. తల్లి దూరంగానే నిలబడి తమ భాషలో గట్టిగా ఏదో అన్నది. ఏమన్నదని అమ్మాయిని అడిగితే చెప్పలేదు. భాష రాకపోయినా నాకు అర్థమయింది, మంచి మాట కాదు.

“మీ మీద నమ్మకంతోని పంపిన సార్,” అన్నాడు తండ్రి. “మల్ల తండల తిరుగుతాంటే దొంగదాని నాయిన అంటున్నరు నన్ను.”

నోటుబుక్కు తెమ్మన్నాను. లోపలి నుంచి పట్టుకొచ్చి, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ‘ఐదు గొట్టంగనే బంద్ జేసి పోవాలె. మర్సిపోవద్దు.’ ఎదురుగా బ్రాకెట్లో ‘సార్ చెప్పిండు’ అని కూడా ఉంది.

బంద్ చేయడమంటే నువ్వేం చేసేదానివని అడిగాను.

“బంద్ జేసుడంటే ఏందంటరేంది సార్? టెర్మినల్ ఎన్క స్విచ్ ఉంటది గద. గది బంద్ జేసిన.”

లాగౌట్ కొట్టలేదా అన్నాను.

“గదేంది సార్?”

నేను ఆమెకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. నోటుబుక్కు మొదటి నుంచి చివరి దాకా తిరగేశాను, ఎక్కడా లేదు. నా మనసులో బంద్ అంటే లాగౌట్ కొట్టి బయటికి రావడం. ఆమె మనసులో, మా ఊళ్ళో ఎవరి మనసులోనైనా, బంద్ అంటే స్విచ్ నొక్కేయడం. తెర ఆరిపోతుంది, కానీ ఆమె పని లోపల పెద్ద మిషన్‌లో అట్లాగే ఉంటుంది. ఐదున్నరకు పెద్ద మిషన్‌ను ఆపేటప్పుడు అది ఆ పనిని మధ్యలోనే తుంచేస్తుంది. గుర్తు ఫైలు మిగిలిపోతుంది. తెల్లారి ఆమె వచ్చేసరికి ‘నువ్వు లోపలే ఉన్నావు, మళ్ళీ ఎవరు నువ్వు’ అని గెంటేస్తుంది. ఆ ఐదు వరుసలు పెట్టకముందు ఎన్నిసార్లు స్విచ్ బంద్ చేసినా ఏమీ కాలేదు, అందుకే నాలుగు నెలలు బాగా నడిచింది.

అంటే ఒక తప్పు సీనియర్‌ది, ఒకటి నాది. ఆమెది ఒక్కటీ లేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది పాపం, నేను పుట్టిన భాషలో.

విచారణ రోజు కంపెనీ జీపులో సీనియర్ కూడా వచ్చాడు. దారి పొడుగునా ఒకటే బోధ. ఆపరేటర్ అజాగ్రత్త అని చెప్పు, స్క్రిప్టు ఊసెత్తకు, వాళ్ళ దగ్గర ఇంకా రెండు మిషన్ల ఆర్డరు రావాల్సి ఉంది, నీ ప్రమోషన్ కూడా నా చేతిలోనే ఉంది. పరకాల దాటేవరకు ‘అలాగే అండీ’ అంటూనే కూర్చున్నాను. నోరు అలవాటు పడిపోయింది మరి.

గదిలో వాళ్ళ మేనేజరు, స్టోర్స్ ఆఫీసరు, మేమిద్దరం. ఆమె నిలబడి ఉంది, తండ్రి బయట వరండాలో. ఆఫీసరు నా రిపోర్టు చదివి, ఈ తండావాళ్ళను నమ్మి కుర్చీ ఎక్కిస్తే ఇట్లాగే ఉంటుందని మొదలుపెట్టాడు. అప్పుడు లేచాను. మాటలు వద్దు సార్, ఒకసారి మిషన్ దగ్గరికి రండి అన్నాను.

ఆమెను కూర్చోమన్నాను. రోజూ చేసేటట్టే చేయి, సాయంత్రం ఐదైందనుకో అన్నాను. ఆమె పేరు కొట్టింది, రెండు పద్దులు చూసింది, లేచి వెనక్కి చెయ్యిపెట్టి స్విచ్ బంద్ చేసింది. లోపల పెద్ద మిషన్‌ను ఆపించి మళ్ళీ లేపించాను. ఇప్పుడు తెల్లారింది, లాగిన్ కొట్టమ్మా అన్నాను. కొట్టింది. తెర నల్లబడి, మళ్ళీ లాగిన్ దగ్గరికొచ్చి నిలబడింది. ఆ హాల్లోకి మేమందరం చూస్తుండగా ఎవరూ రాలేదు.

“ఈమె పేరుతో లోపల ఉన్న దొంగ ఎవరంటే, నిన్నటి ఈమెనే సార్,” అన్నాను మేనేజరుతో. ఆ ఐదు వరుసల అచ్చు ఆయన చేతికిచ్చాను. నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టాను. బంద్ చేసి పొమ్మన్నది నేనే అని చెప్పాను.

సీనియర్ పకపకా నవ్వాడు. “బంద్ ఏంటయ్యా? బంద్ అంటే సమ్మె కదా. మీవాళ్ళకి బంద్ చేయడం తప్ప ఇంకేం తెలుసులే. సరైన తెలుగులో చెప్పుంటే ఈ గోలే ఉండేది కాదు.”

జనగామ రోడ్డు మీద కూర్చున్న ఆ పిల్లాడు ఇన్నేళ్ళకు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు లోపల. కొట్టేవాణ్ణేమో కూడా, మధ్యలో బల్ల ఉంది.

“సరైన తెలుగులనే చెప్పిన సార్,” అన్నాను. “నేను జెప్పింది ఆమెకు సమజయింది, ఆమె రాసింది నాకు సమజయింది. సమజ్ గానిది మీ స్క్రిప్టుకే. చెప్పకుంట అయిదు వరుసలు పెట్టి పోయింది మీరు, పిల్లను దొంగను జేసింది మీరు, మల్ల మా మాటను జూసి నవ్వుతరా?”

‘అండీ’ నేర్చుకున్నాక ఆయన ముందు నా భాషలో మాట్లాడింది అదే మొదటిసారి. ఆయన నవ్వు ఆగింది. మేనేజరు ఆయన వైపు చూడకుండా, ఆ బేరింగుల పెట్టె మాటేమిటని ఆఫీసరును అడిగాడు. టెర్మినల్ తెరుచుకోని ఆ మూడు రోజులూ ఈమె పద్దుల్లోని సామాను ఎట్లా ఇచ్చారని నేను అడిగాను. చేతిచీటీల మీద ఇచ్చామన్నాడు పక్క ఆపరేటరు. ఆ చీటీల కట్ట తెప్పించారు, మిషన్‌లో ఎక్కించనే లేదు వాటిని. బేరింగుల పెట్టె చీటీ అందులోనే ఉంది. కింద సంతకం స్టోర్స్ ఆఫీసరుది. ఆయన మర్చిపోయానన్నాడు. అంతే, మర్చిపోయాడట. ఆ ఒక్క మాటతో ఆయనకు సరిపోయింది.

అమ్మాయిని మళ్ళీ పనిలోకి రమ్మన్నారు, పర్మినెంటు కాగితం కూడా కదులుతుందన్నారు. అందరూ వెళ్ళబోతున్నారు. ఆమె కదల్లేదు.

“గా కాగితం మీది మాట అట్లనే ఉన్నది గద సార్,” అన్నది నాతో. “ఆపరేటర్ పొరపాటు అని. గది కొట్టేసి, ఎవలదో రాయుండ్రి.”

సీనియర్ నా వైపు తల అడ్డంగా ఊపుతున్నాడు. నేను ఆ రిపోర్టు తీసుకుని ‘ఆపరేటర్’ అన్న మాట కొట్టేసి ‘ఇంజనీర్’ అని రాశాను. మరొకరు లోపల ఉన్నారన్న వాక్యం మొత్తం కొట్టేశాను. పక్కన సంతకం చేశాను. ప్రమోషన్ మరుసటి ఏడు ఇంకొకరికి వెళ్ళింది. దానికి నాకేం కోపం లేదు. మొదటిసారే ఆ నోటుబుక్కు చూడనందుకు ఉంది, ఇప్పటికీ ఉంది. నెల రోజులు దొంగ అనిపించుకుంది ఆ పిల్ల, నాకు బస్సు దొరకాలని.

ఆ మధ్యాహ్నం స్క్రిప్టు ముందు కూర్చున్నాను. పని ఎట్లా తెగినా గుర్తు తుడిచిపెట్టుకుపోయేటట్టు రెండు వరుసలు మార్చాను. మార్చినట్టు రిజిస్టరులో రాశాను. ఆ తర్వాత ఎవరూ అడగని వరుస ఇంకొకటి చేర్చాను. మిషన్‌కు తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే ‘బంద్’ అని కొడితే అది లాగౌట్ అవుతుంది. ఆమెను పిలిచి చూపించాను. ముందు ఈ మాట కొట్టు, లాగిన్ వచ్చాక స్విచ్ సంగతి చూసుకో అన్నాను. కొట్టింది. తెర తుడుచుకుని శుభ్రంగా బయటికి వచ్చింది. మళ్ళీ లాగిన్ కొట్టింది, తెరుచుకుంది. ఇంకోసారి బంద్ కొట్టింది. పక్క ఇద్దరూ వచ్చి వాళ్ళూ కొట్టి చూశారు.

నోటుబుక్కులో ఆ పాత వాక్యం కొట్టేసి కొత్తది రాసుకోమ్మా అన్నాను. ఆమె పెన్ను తీసింది, ఆ వరుసను ఒకసారి చూసింది, మళ్ళీ పెన్ను మూత పెట్టేసింది.

“గిది కొట్టెయ్య సార్. గిండ్ల తప్పేం లేదు. గప్పుడు మిషన్‌కు రాకుండె. గిప్పుడు వచ్చింది.”